బేరం రోజుకి ముందు పూసిన మట్టి

ఆ వేసవిలో నాకు కావలసింది ఒక్కటే, మా నాన్న సంతకం.

అబరిస్ట్విత్‌ పట్నంలో రైల్వే స్టేషనుకి ఎదురుగా ఒక దుకాణం ఖాళీ అయింది. వీధి వైపు రెండు పెద్ద కిటికీలు, వెనక సరుకు దింపుకోవడానికి వాకిలి, పైన కాపురానికి నాలుగు గదులు. దాని యజమాని నా మాట మీద గురితో ఆగస్టు ఆఖరు దాకా ఇంకెవరికీ ఇవ్వనన్నాడు. మా లోయలో మా దుకాణం పరిస్థితి నాకు తెలుసు. కంచె తీగ, మేకులు, తాళ్ళు, గొర్రెల మందులు, రబ్బరు బూట్లు అమ్ముతాం. నేను పుట్టిన ఏడు హెబోగ్ లోయలో నలభై ఇళ్ళ పొగ గొట్టాలు వెచ్చగా ఉండేవట. 1976 నాటికి పదకొండు మిగిలాయి. మనుషులు తగ్గారు, గొర్రెలు పెరిగాయి. గొర్రెలు బూట్లు తొడుక్కోవు.

మా దుకాణం మాత్రం నాన్న పేరు మీద ఉంది, ఆయన సంతకం లేనిదే కదల్లేం. ఆయన పేరు ఇద్వాల్, అప్పటికి డెబ్బై ఆరేళ్ళు. పదమూడేళ్ళ వయసులో గనిలో రాళ్ళు దంచే మర దగ్గర పనిచేస్తూ కుడిచేతి చూపుడువేలు సగం పోగొట్టుకున్నాడు. ఆ మొండివేలితోనే కౌంటరు మీద మేకులు ఒక్కొక్కటి పక్కకి నెడుతూ లెక్కపెట్టేవాడు. తూచి ఇస్తే తొందరగా అవుతుంది కదా అంటే వినేవాడు కాదు.

"సంతకం పెట్టు నాన్నా. ఇక్కడ ఇంకేముంది?"

"కనన్ ఉన్నాడు."

నా చిన్నప్పటినుంచి ఏ మాటైనా అక్కడికొచ్చి ఆగిపోయేది. కనన్ నాన్నకి తమ్ముడు. 1921 మార్చిలో, పందొమ్మిదేళ్ళ వయసులో, హెబోగ్ సీసం గనిలో గోడ పగిలి నీళ్ళొచ్చి కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే గని మూతపడింది. సొరంగం నోరు మా మేడ మీది కిటికీలోంచి కనిపిస్తుంది. నాన్న రోజూ పొద్దున్నే టీ కప్పు పట్టుకుని ఆ కిటికీ దగ్గర నిలబడేవాడు. తమ్ముణ్ణి ఒంటరిగా వదిలి రాలేని మనిషిని ఏమని బలవంతపెడతాం?

తప్పెవరిదో లోయలో అందరికీ తెలుసు. కెప్టెన్ ట్రెవేనాది. గని పని చూసే పెద్దని కెప్టెన్ అనేవాళ్ళు. ఆయన దూరపు సీమ కార్న్‌వాల్ నుంచి వచ్చినవాడు, మా భాష రాదు, మా ప్రార్థన మందిరం చాపెల్‌కి రాడు. గోడ వెనక పాత తవ్వకాల నీళ్ళున్నాయని కనిపెట్టలేకపోయాడని విచారణలో తేల్చి పంపేశారు. మా ఇంట్లో మాట వినని పొట్టేలు ప్రతిదానికీ ట్రెవేనా అనే పేరు. నేను ఎరిగిన ట్రెవేనాలు తొమ్మిది.

ఆ ఏడు వానలు లేవు. అంతకుముందు చలికాలం కూడా పొడిగానే పోయింది. వాగు ఎండి రాళ్ళు తేలాయి, కొండ మీది పొదలు వాటంతటవే అంటుకున్నాయి, చుక్కల పురుగులు దండులా వచ్చి కిటికీ అద్దాలని కప్పేశాయి. ఊరి చివర కుళాయి దగ్గర బకెట్లు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళం. సొరంగం నోట్లోంచి వచ్చే సన్నటి పాయ ఒక్కటే ఆగలేదు. అది సీసం నీళ్ళు. గొర్రెలు కూడా ముట్టవు.

జులై ఆఖరున లినెడ్ అనే ఆవిడ దుకాణానికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, మోకాళ్ళ దగ్గర మాసికలు వేసిన ప్యాంటు. కొండ మీది సత్రంలో దిగింది.

"ఇరవై గజాల తాడొకటి, దీపంలోకి కార్బైడ్ డబ్బా ఒకటి ఇస్తారా?"

"ఏ కొండ ఎక్కుతావమ్మాయ్?" అన్నాడు నాన్న.

"ఎక్కడం కాదండీ, దూరడం. హెబోగ్ లోపలి సొరంగానికి పటం గీస్తున్నాను. ఎప్పుడూ కప్పుదాకా నీళ్ళుండే చోట ఈ కరువుకి దారి తేలింది."

నాన్న మేకులు లెక్కపెట్టడం ఆపాడు. "తాడు లేదు."

"మీ వెనకాల ఆరు చుట్టలు వేలాడుతున్నాయి."

"అవి గొర్రెలకి."

ఆమె వెళ్ళిపోయింది. నేను వెనక గుమ్మంలోంచి బయటపడి చాపెల్ గోడ దగ్గర ఆమెని అందుకున్నాను. నా లెక్క అప్పటికే తయారైంది. కనన్ ఎముకలు బయటికొస్తే చాపెల్ పక్క శ్మశానంలో పూడ్చి, పైన రాయి నిలబెడతాం. అప్పుడిక నాన్నకి ఇక్కడ కాచుకుని ఉండవలసిన మనిషి ఉండడు.

"తాడు నేనిస్తాను. నన్ను కూడా లోపలికి తీసుకెళ్ళాలి."

"మీ నాన్నగారు?"

"ఆయనకి చెప్పక్కర్లేదు."

"లోపల మీకేం కావాలి?"

"మా బాబాయి. మిగిలినంత."

ఆమె నా ముఖంలోకి చూసింది. "సరే."

"మీకేం కావాలి?"

"పటం."

"పటం కోసం ఎండాకాలం సెలవులన్నీ ఎవరూ తగలేసుకోరు."

"నేను లెక్కల టీచర్ని. తగలేసుకుంటాను."

సగమే నమ్మాను. ఎదుటివాళ్ళు కారణం చెప్పకపోతే నేను గుచ్చి అడగను. సరుకు చేతిలో పడ్డాక అదే తెలుస్తుంది.

ఆగస్టు మూడో గురువారం పొద్దున మెరెరిద్‌కి, అంటే నా భార్యకి, అబరిస్ట్విత్ వెళ్ళి కొత్త దుకాణంలో అరలు కొలిచి వస్తానని చెప్పాను.

"అరలు కొలవడానికి రబ్బరు బూట్లెందుకు?"

"గోదాం తడిగా ఉందట."

"ఈ ఎండల్లో తడిగా ఉన్న గోదాం దొరికిందా? అయితే ఈ రోజే మారిపోదాం."

నవ్వి బయటపడ్డాను. ఇంట్లో ఎవరికీ నేను ఎక్కడున్నానో తెలియదు. అది నా మొదటి తప్పు.

సొరంగం లోపల నీళ్ళు మోకాలి దాకా, తర్వాత నడుము దాకా వచ్చాయి. ఎముక కొరికే చలి. బయట లోయంతా మాడుతుంటే ఇక్కడ నోట్లోంచి ఆవిరి వస్తోంది. నీళ్ళ కింద పాత పట్టాలు కాలికి తగులుతున్నాయి. రెండు వందల గజాలు పోయాక కప్పు వంగి, నీటికీ రాతికీ మధ్య జానెడున్నర సందు మాత్రమే మిగిలింది. లినెడ్ మునిగినట్టే మునిగి, గడ్డం పైకెత్తి అవతలికి పోయింది. నేను తాడు చుట్టనీ రెండో దీపాన్నీ ఇవతలే ఒక రాతి చట్టు మీద పెట్టేశాను. తిరిగి ఈ దారినే కదా రావాలి, మోత ఎందుకని. అది రెండో తప్పు.

అవతల సొరంగం మెల్లగా ఎత్తుకి పోయి నేల పొడిగా మారింది. గోడల వారన పాత బురద ఎండి పెళ్ళలు కట్టి ఉంది. లినెడ్ గోడని ఆనుకుని నడుస్తూ, "నా అడుగులోనే అడుగెయ్యండి" అంది.

"నేల గట్టిగానే ఉందిగా."

"అది నేల కాకపోవచ్చు. కిందున్న ఖనిజమంతా తవ్వుకున్నాక, గుంట మీద అడ్డంగా దుంగలు వేసి, పనికిరాని రాళ్ళన్నీ వాటి మీద పేర్చేవాళ్ళు. పైన నడిచేవాడికి నేలే. దుంగలు మాత్రం యాభై ఏళ్ళుగా నానుతున్నాయి."

"అంటే దొంగ నేల."

"మీ బరువెంత?"

"అది నా భార్యకి కూడా చెప్పను."

ఆమె మొదటిసారి నవ్వింది. ఇంకో పది అడుగులు వేశామో లేదో, నా వెనక బండిలోంచి రాళ్ళు కుమ్మరించినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే మేము ఇప్పుడే దాటిన చోట నేల లేదు. నాలుగు గజాల వెడల్పున గుంట, అడుగున ఎక్కడో నల్లటి నీళ్ళు. రాళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి. రెండు పక్కలా గోడలు నున్నగా ఉన్నాయి, కాలు పెట్టడానికి అంగుళం చోటు లేదు.

దుమ్ము తగ్గాక లినెడ్ చేతి గడియారం చూసుకుంది. పదకొండు దాటి పది నిమిషాలు.

"తాడేది?"

"అవతల."

"ఎందుకు?"

"బరువని."

ఆమె గుంట అంచు దాకా వెళ్ళి కిందకి దీపం పట్టి చూసింది. తర్వాత, "మీ వ్యాపారం బాగానే సాగుతుందా?" అంది.

రాత్రి ఎనిమిదికల్లా రాకపోతే మనుషుల్ని పంపమని సత్రం ఆవిడకి చెప్పి వచ్చిందట. అంటే తొమ్మిది గంటలు. ఆమె దీపంలో కార్బైడ్ మూడు గంటలకి సరిపోతుంది. నా దగ్గర మైనపు గుడ్డలో చుట్టిన నాలుగు కొవ్వొత్తులు, రెండు రొట్టె ముక్కలు, ఒంటి మీద తడిసిన బట్టలు. తొమ్మిది గంటలు చలికి తట్టుకుంటామా అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. సొరంగం ఇంకో పది అడుగుల దూరంలో ముగిసిపోయింది. అక్కడే చివరి గోడ. ఇటు గోడ, అటు గుంట, మధ్య మేమిద్దరం. మా దుకాణం గోదాం ఇంతకంటే పెద్దది.

ఒక కొవ్వొత్తి వెలిగించి గోడ చట్టు మీద అంటించాను. చివరి గోడలో నడుం ఎత్తున గుర్రం దూరేంత కంత ఉంది. 1921లో నీళ్ళు వచ్చింది దానిలోంచే. కింద నేలని నీళ్ళు ఊడ్చేసి పోయాయి. ఎముకలు లేవు, గుడ్డ పేలిక లేదు. కనన్‌ని నీళ్ళు ఎటు లాక్కుపోయాయో, ఏ పాత గుంటలో పడేశాయో ఇక తేలదు. నేను వచ్చిన పని అక్కడితో వృథా అయింది.

కంతకి పక్కన, భుజం ఎత్తున, బల్లంత వెడల్పున గోడకి బంకమట్టి మెత్తి ఉంది. ఒక మూల రాలిపోయింది. ఆ మూలలో సీసం ఖనిజం కొత్త గిన్నెలా మెరుస్తోంది.

"ఇదేమిటో తెలుసా?" అంది లినెడ్.

"మట్టి. టోపీ మీద కొవ్వొత్తి నిలబెట్టుకోవడానికి తెచ్చుకునేవాళ్ళు. నాన్న చెప్పాడు."

"అంతే చెప్పారా? బేరం రోజు గురించి చెప్పలేదా? నెలకోసారి, శనివారం, కెప్టెన్ దీపం పట్టుకుని తవ్వే ప్రతి గోడా చూసి కూలి రేటు కట్టేవాడు. ఖనిజం బాగా కనిపిస్తే పని తేలిక కాబట్టి తక్కువ రేటు. ఖనిజం లేకపోతే కష్టం కాబట్టి ఎక్కువ రేటు. ఆ నెలంతా ఆ రేటే."

నాకు వెంటనే వెలిగింది. "అందుకని ముందురోజే ఖనిజం మీద మట్టి పూసేసేవాళ్ళు."

"పూసి, పైన రాతిపొడి చల్లేవాళ్ళు."

నవ్వాను. టోకు సరుకు మనిషి మా దుకాణానికి వచ్చే రోజున నేను బాగా అమ్ముడుపోయే బూట్లన్నీ మెట్ల కింద దాచి, అరల మీద దుమ్ము అలాగే ఉంచుతాను. వ్యాపారం పడుకుందని జాలిపడి రేటు తగ్గిస్తాడు. ఈ తెలివి నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

"నవ్వకండి. ఇక్కడ చూడండి."

రాలిన మూల కింద గోడలో వెంట్రుకంత పగులు. దాన్నుంచి ఎర్రటి తుప్పు చార ఒకటి, కన్నీటి గీతలా, మట్టి కిందకి పోయింది. మట్టి మీద మాత్రం చార లేదు.

"గోడ చెమర్చింది. మట్టి పూయకముందే చెమర్చింది. గని పనిలో ఏ కొత్తవాడికైనా తెలుసు దీనర్థం, వెనకాల నీళ్ళున్నాయని. కెప్టెన్ దీన్ని చూసుంటే ఆ రోజే పని ఆపించేవాడు. ఆయనకి కనిపించింది ఎండు గోడ."

"ట్రెవేనాని వెనకేసుకొస్తున్నారేంటి?"

"ఆయన మా అమ్మకి నాన్న."

పై నుంచి ఒక నీటి చుక్క కొవ్వొత్తి పక్కన పడింది. మా పొట్టేళ్ళన్నీ నాకు గుర్తొచ్చాయి.

"ప్రతి గోడా చూశాను, ఎక్కడా తడి లేదు అని చచ్చిపోయేదాకా చెప్పాడట. ఎవరూ నమ్మలేదు," అంది లినెడ్. "మా అమ్మ కూడా నమ్మలేదు. ఆయన పేరు నోటితో పలకడానికి సిగ్గుపడేది. రెండేళ్ళ కిందట పోయింది. ఇది చూడకుండానే."

అప్పుడు చూశాను. మట్టిని గోడకి అదిమిన చేతి అచ్చులు. నాలుగైదు చోట్ల స్పష్టంగా ఉన్నాయి. ప్రతి అచ్చులోనూ చూపుడువేలు సగమే.

ఆ గోడ దగ్గర పని చేసింది ఇద్దరే, నాన్న, కనన్. నీళ్ళొచ్చినప్పుడు నాన్న ఉలులు పదును పెట్టించడానికి కమ్మరి దగ్గరికి వెళ్ళాడు. ఇంతవరకు నాకు తెలుసు. మిగతాది గోడ చెప్పింది. నేను నెమ్మదిగా జరిగి, చలికి గోడకి ఆనుకున్నట్టు, ఆ అచ్చులకి అడ్డంగా నిలబడ్డాను.

"అడ్డం నిలబడక్కర్లేదు. ఇందాకే గీసుకున్నాను," అంది లినెడ్. "కౌంటరు మీద మీ నాన్నగారి చెయ్యి చూశాను కదా."

ఆ తర్వాత రెండు గంటల పైన మేము అక్కడే ఉన్నాం. గోడకి ఆనుకుంటే చలి, గుంట దగ్గరికి వెళ్తే భయం. రొట్టె ముక్కలు చెరొకటి తిన్నాం. నా పళ్ళు కొట్టుకుంటుంటే తన రబ్బరు సంచిలోంచి ఎండు కండువా తీసి నాకిచ్చింది. ఆ ఉపకారం చేసిన మనిషినే ఎలా ఆపాలా అని నేను ఆలోచిస్తున్నాను. బయటపడితే ఆ పటం లోకానికి తెలుస్తుంది. బయటపడకపోతే తెలియదు. అంత దాకా పోయింది నా లెక్క. దాన్ని అక్కడే ఆపేశాను, కానీ పోయిన మాట నిజం.

మధ్యాహ్నం రెండు గంటలకి నీళ్ళ చప్పుడైంది. గుంట అవతల దీపం వెలుగు. ఆ వెనక దగ్గు. ఆ దగ్గు నాకు పుట్టినప్పటినుంచి తెలుసు.

"ఇథెల్."

"ఇక్కడున్నాను నాన్నా."

డెబ్బై ఆరేళ్ళ మనిషి, గని ధూళి నిండిన ఊపిరితిత్తులు, మెడ దాకా తడిసి నిలబడ్డాడు. ఆయన వెనక, మా పక్క పొలం రైతు బెర్విన్ మా దుకాణంలోని పొడుగు నిచ్చెన ముక్కలు రెండూ మోసుకొచ్చి బిగిస్తున్నాడు.

"ఎలా తెలిసింది?" అన్నాను.

"పాయ నీళ్ళు తేనె రంగులో వస్తున్నాయని పరిగెత్తుకొచ్చాడు మీ నాన్న," అన్నాడు బెర్విన్. "వాన లేకుండా గని నీళ్ళు రంగు మారితే లోపల నేల కూలినట్టేనట. నువ్వు అబరిస్ట్విత్‌లో ఉన్నావని మీ ఆవిడ అంటే, అక్కడ రబ్బరు బూట్లు ఎవరు తొడుక్కుంటారు అన్నాడు."

నాన్న దీపం నా మీదనుంచి జరిగి నా వెనక గోడ మీద పడింది. అక్కడ మా కొవ్వొత్తి ఇంకా వెలుగుతోంది. దీపం ఆ మట్టి మీద ఆగింది. బెర్విన్ రెండు ముడులు వేసేంతసేపు అక్కడే ఉంది. తర్వాత కిందకి దిగింది.

"నిచ్చెన కొస గోడ వైపు పెట్టు," అన్నాడు నాన్న. "ముందు ఆ అమ్మాయిని రానీ. నువ్వు బోర్లా పడుకుని పాకుతూ రా. కిందకి చూడకు."

ఇంటికి చేరాక మెరెరిద్ నన్ను దుప్పట్లో చుట్టి, వేడి సూప్ చేతికిచ్చి, "అరలు సరిపోయాయా?" అని ఒక్కమాట అంది. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాన్న పొద్దున్నే కిటికీ దగ్గరికి వెళ్ళడం మానేశాడు.

సోమవారం నేను సత్రానికి వెళ్ళాను. లినెడ్ బల్ల మీద పటం పరుచుకుని సిరా గీతలు వేస్తోంది.

"ఆ మట్టి ఒక్కటి వదిలెయ్యండి," అన్నాను.

"బేరమా?"

"బేరమే అనుకోండి."

"నాకేమిస్తారు?"

నలభై నాలుగేళ్ళ బతుకులో ఖాళీ చేతులతో బేరానికి వెళ్ళడం అదే మొదలు. ఆమె కలం కింద పెట్టింది.

"చెయ్యి ఎవరిదో రాయను. మట్టి ఉందని, దాని కింద చెమ్మ ఉందని రాస్తాను. అది లేకుండా ఈ పటం నాకు కాగితమే. శనివారం వెళ్ళిపోతున్నాను."

చెయ్యి ఎవరిదో రాయకపోయినా లోయకి తెలుస్తుంది. ఆ గోడ ఎవరిదో అందరికీ తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేనప్పుడు, నాన్న కౌంటరు వెనకనుంచి లేచాడు.

"ఆ కాగితం ఎక్కడుంది?"

సొరుగులోంచి అబరిస్ట్విత్ ఒప్పందం తీశాను.

"అది కాదు. ఆ అమ్మాయిది."

సత్రానికి నడిచే వెళ్ళాం. దారిలో మూడుసార్లు ఆగాడు దగ్గుకి. మూడోసారి ఆగినప్పుడు కొండ గోడ మీద కూర్చుని అన్నాడు:

"నేను కనన్ కోసం ఇక్కడ ఉండిపోయాననుకున్నావు కదరా."

"అందరూ అదే అనుకున్నారు."

"పోయినవాడికి కాపలా ఎందుకు? వాడెక్కడికి పోతాడు? నేను కాపలా కాసింది ఆ మట్టికి. ఎవడో ఒకడు లోపలికి పోయి చూస్తాడేమోనని. నువ్వే పోయావు." లేచి బట్టలు దులుపుకున్నాడు. "ఒక రకంగా నయం."

లినెడ్ తలుపు తీసింది. నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మాయ్, మీ తాతగారి పేరుతో మా ఇంట్లో పొట్టేళ్ళున్నాయి. అది కూడా నీకు చెప్పాలి."

"ఎలాంటివి?"

"మొండివి."

"ఆయన మొండివాడే," అంది లినెడ్. కుర్చీ లాగింది.

నాన్న పటం మీదకి వంగి, చాలాసేపు వేలితో సొరంగం వెంట నడిచి, చివరి గోడ దగ్గర ఆగాడు. కలం అడిగి తీసుకున్నాడు. మట్టి గుర్తు పక్కన తన పేరు, ఊరు, తేదీ రాశాడు. తర్వాత కలం ఆమె వైపు జరిపాడు.

"ఇంకొకటి రాసుకో. ఇది నువ్వే రాయి. గోడ చెమర్చిందని ముందు చూసింది కనన్. శుక్రవారం చూశాడు. అన్నా, వదిలేద్దాం, కెప్టెన్‌కి చెబుదాం అన్నాడు. శనివారం బేరం అవ్వనీ, సోమవారం చెబుదాం అన్నాను నేను. మట్టి వాడు పుయ్యలేదు. నేనే పూశాను. సోమవారం పొద్దున చెబుదామనే అనుకున్నాను. ఉలులు పదును పెట్టించుకుని వచ్చాక."

లినెడ్ రాసింది. సిరా చెదరకుండా జాగ్రత్తగా అద్దుడు కాగితంతో అద్దింది.

ఇంటికొచ్చాక నాన్న కౌంటరు దగ్గర కూర్చున్నాడు. "ఇప్పుడు నీది తీసుకురా. ఇంక నాకిక్కడ పని లేదు."

ఒప్పందం ఆయన ముందు పరిచాను. సంతకం చేశాడు. ఆ వేసవంతా నేను అడిగిందదే, చేతికి వచ్చింది. సిరా ఆరేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను. నాన్న ఆదివారం చాపెల్‌లో మాట్లాడతానన్నాడు. మా చాపెల్‌లో ప్రార్థన అయ్యాక సభ్యులు మాత్రమే కూర్చుని, ఎవరి మనసులో ఉన్నది వాళ్ళు లేచి చెప్పుకునే కూటం ఒకటి ఉంది. ఆదివారం అక్కడ చెప్పి, మంగళవారం మేము సామాను బండికెక్కిస్తే, ఇద్వాల్ చెప్పేసి పారిపోయాడంటారు. యాభై ఐదేళ్ళు పారిపోకుండా కూర్చున్న మనిషిని అలా పంపితే నాకు పట్నంలో దుకాణం దక్కుతుంది. ఆ బేరానికి నాకు మనసొప్పలేదు.

శనివారం సాయంత్రం ఫోన్ పెట్టెలోంచి దుకాణం యజమానితో మాట్లాడాను.

"ఇంకొకాయన తయారుగా ఉన్నాడు ఇథెల్. నిజంగానే వద్దా?"

"వద్దు."

"మీ నాన్న సంతకం పెట్టనన్నాడా?"

"పెట్టాడు," అన్నాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు.

మెరెరిద్‌కి చెబితే కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "నాలుగు గదులు," అంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ దుకాణం మాట ఎత్తలేదు. అది నన్ను క్షమించడమో కాదో నేను అడగలేదు.

ఆదివారం వాన పడింది. నెలల తరబడి పడనిదంతా ఒక్కసారే పడినట్టు పడింది. ఆ చప్పుడులో నాన్న కూటంలో లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాడు. బోధకుడు ఒక కీర్తన ఎత్తుకున్నాడు. సగం మంది పాడారు.

ఆ వారంలో దుకాణానికి వచ్చినవాళ్ళు తక్కువ. వచ్చినవాళ్ళు సరుకు పేరు తప్ప మరో మాట మాట్లాడలేదు. బెర్విన్ ఒక్కడు గుమ్మంలో నిలబడి, నిచ్చెన తిరిగి తెచ్చానని చెప్పి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. సొరంగంలో నీళ్ళు మళ్ళీ కప్పుదాకా నిండాయని తర్వాత తెలిసింది.

తర్వాతి ఆదివారం మెరెరిద్‌కి తలనొప్పిగా ఉండి రాలేదు. నేను దుకాణం వెనక కారుతున్న గొట్టం బిగించి, ఆలస్యంగా, తడి గొడుగుతో చాపెల్‌లోకి వెళ్ళాను. అప్పటికే అందరూ కూర్చున్నారు. మా వరసలో ఎప్పుడూ ఆరుగురు ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. ఆ రోజు నాన్న ఒక్కడే, నడుం నిటారుగా పెట్టుకుని, మధ్యలో కూర్చున్నాడు. ఆయనకి అటూ ఇటూ బల్లంతా ఖాళీ.

నా అడుగుల చప్పుడు విని తల తిప్పలేదు. నేను పక్కన కూర్చోబోతుంటే, అంత ఖాళీలోనూ, కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు.